ఆపిన లైటులో కరెంటు

2023 వేసవిలో సీతమ్మధారలోని ఒక మూడంతస్తుల బట్టల షాపు నుంచి ఫోన్ వచ్చింది. ట్యూబ్‌లైట్లు తీసేసి వేరేవాళ్ల చేత ఎల్‌ఈడీ ప్యానెళ్లు పెట్టించుకుని వాళ్లకు అప్పటికి రెండు నెలలు. రెండో అంతస్తులో స్విచ్ ఆపినా లైట్లు సన్నగా వెలుగుతూనే ఉన్నాయట. ఆ బిల్డింగుకు పదిహేనేళ్ల కిందట వైరింగు చేసింది నేనే. అందుకే నన్ను పిలిచారు. అందుకే నేను సరిగ్గా చూడలేదు కూడా.

ఈ ఫిర్యాదు మాకు కొత్త కాదు. పొడవాటి వైర్లు ఒకే పైపులో పక్కపక్కన పోతే, నడిచే వైరు నుంచి ఆపిన వైరులోకి కాస్త కరెంటు జారుతుంది. ట్యూబ్‌లైటు అంత తక్కువకు వెలగదు, ఎల్‌ఈడీ వెలుగుతుంది. లైటుకు వచ్చే రెండు వైర్ల మధ్య చిన్న కెపాసిటర్ కడితే ఆ వెలుగు పోతుంది. నేనూ మెయిన్ ఆపి అదే కట్టాను. వెలుగు పోయింది. నా తెలివికి నేనే మురిసిపోతూ నిచ్చెన దిగుతుంటే కింద సత్తెమ్మ నిలబడి ఉంది. షాపులో తుడిచే మనిషి, రోజూ పద్మనాభం నుంచి బస్సులో వస్తుంది.

"బాబూ, ఆ లైట్లు తుడిసేటప్పుడు సేతికి సురుక్కుమంతంది. సిచ్చి ఆపేసే ఎక్కుతన్నాను."

"స్విచ్ ఆపితే కరెంటెక్కడిది అప్పా? నీ భయమది."

"భయం కాదు బాబూ. నా సెయ్యి నాకు తెలవదేటి?"

మేనేజర్ రమేష్ పక్కనుంచి అందుకున్నాడు. "నిచ్చెనెక్కడానికి బద్దకం మేస్త్రీ గారూ. వారం బట్టి ఇదే పాట."

నేను కూడా నవ్వాను. టెస్టర్ నా జేబులోనే ఉంది. తీసి ఒక్కసారి పెట్టి చూస్తే నిమిషం పట్టదు. తియ్యలేదు.

పది రోజులకు రమేష్ మళ్లీ ఫోన్ చేశాడు. సత్తెమ్మ నిచ్చెన మీంచి పడి కుడి మణికట్టు విరిగిందట. "షాక్ కొట్టిందనే అంటంది. తప్పు షాపు మీదకి తోసేత్తందని ఓనరుగారు మానిపించెయ్యమంటన్నారు. మీరొచ్చి కరెంటేటీ లేదని ఒక మాట సెప్పేయండి."

ఈసారి టెస్ట్ ల్యాంపుతో వెళ్లాను. అంటే హోల్డరుకు రెండు వైర్లు తగిలించిన మామూలు బల్బు. స్విచ్ ఆపి, ఒక వైరు ప్యానెల్ కనెక్షన్‌కి, ఇంకోటి ఎర్త్‌కి ఆనించాను. బల్బు నిండుగా వెలిగింది.

స్విచ్ ఎప్పుడూ కరెంటు వచ్చే వైరును, అంటే ఫేజ్‌ను తెంపాలి. ఆ అంతస్తులో అది తిరిగి వెళ్లే వైరును, న్యూట్రల్‌ను తెంపుతోంది. లైటు ఆరిపోతుంది, కరెంటు మాత్రం లైటు దాకా వచ్చి కూర్చుని ఉంటుంది. ప్యానెల్ పెట్టినవాళ్లు దాని ఇనుప ఒంటికి ఎర్త్ కూడా ఇవ్వలేదు, లోపలి నుంచి ఒంటికి జారే కాస్త కరెంటుకు నేలకు పోయే దారి లేదు. తడిగుడ్డతో ఇనుప నిచ్చెన మీద నిలబడ్డ మనిషి ఉలిక్కిపడటానికి అది చాలు.

డీబీ తెరిచాను. అంతస్తుకు కరెంటు పంచే పెట్టె అది. లోపల అన్నీ ఎర్ర వైర్లే. అప్పుడు గుర్తొచ్చింది. షాపు ప్రారంభానికి ముందు ఓనరు గారి తండ్రి న్యూట్రల్‌కి తెచ్చిన నల్ల వైరు చుట్ట చూసి, "కొత్త షాపులో నలుపేటి బాబూ, తీసెయ్" అన్నారు. వాదించడం నా పని. వాదించకుండా రెంటికీ ఎరుపే లాగాను, గుర్తుకు టేపులు తర్వాత చుడదామనుకున్నాను. ముహూర్తం ముంచుకొచ్చింది. రెండో అంతస్తులో ఏది ఏదో చూసుకోకుండా కలిపేశాను. లైట్లు వెలిగాయి, అందరూ చప్పట్లు కొట్టారు, నాకు పంచెలచాపు పెట్టారు. ఆ పెద్దాయన అన్నది నమ్మకంతో అన్న మాట. తప్పు నాది.

మెయిన్ ఆపి డీబీలో రెండు వైర్లు మార్చడం పావుగంట పని. మార్చాను. మళ్లీ పరీక్షించి కిందికి దిగితే రమేష్ అడిగాడు.

"ఏటండీ, కరెంటుందా?"

"ఇప్పుడు లేదు" అన్నాను.

అతను 'ఇప్పుడు' అన్న మాట వినలేదు. వినకూడదనే నేనూ దాన్ని మెల్లగా అన్నాను. ఇన్నేళ్ల పనిలో అంత సిగ్గుమాలిన మాట నేను ఇంకోటి అనలేదు. మర్నాడే సత్తెమ్మను మానిపించారు.

రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మూడో రోజు పద్మనాభం వెళ్లాను. కట్టుతో అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను.

"ఆ షాపులో మా ఊరి పిల్లలిద్దరు సేత్తన్నారు బాబూ. నాను అబద్దాలకోరునని ఊరంతా అనుకుంతన్నారు. నువ్వు సూసినావు గదా. కరెంటుందా, నేదా? నాకొక్కదానికే సెప్పు."

"ఉందప్పా. నా చేతి తప్పు వల్లే ఉంది."

తిడుతుందనుకున్నాను. కట్టు వైపు చూసుకుంది. "అయితే నాకెందుకు, అక్కడ సెప్పు" అంది.

మర్నాడు పొద్దున షాపులో హారతి అయ్యాక, పనివాళ్లందరూ ఉండగానే ఓనరుకు చెప్పాను. ఆయన, "పదిహేనేళ్లు నా మనుషుల్ని ఆ కరెంటు కిందే తిప్పినావు" అన్నారు. రమేష్ నేల చూపులు చూశాడు. తిరిగి పనిలోకి రమ్మని సత్తెమ్మకు కబురు వెళ్లింది. వైద్యం ఖర్చు నేను పెట్టుకున్నాను. ఆ బిల్డింగులో ప్రతి ప్యానెల్‌కూ ఎర్త్ ఇచ్చి, ప్రతి వైరుకూ గుర్తు చుట్టి అప్పగించాను. అదే అక్కడ నా ఆఖరి పని.

ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా తుడిచేవాళ్లను, వాచ్‌మన్‌ను, ముందు వాళ్లను అడుగుతాను. లైట్లను రోజూ ముట్టుకునేది వాళ్లే. షాక్ అన్నారంటే టెస్టర్ పెట్టకుండా జవాబివ్వను. నేర్చుకున్నాను అనడానికి కూడా మొహం చెల్లదు. నేర్చుకున్నది ఆవిడ చెయ్యి విరిగాక.

సత్తెమ్మ ఇంకా ఆ షాపులోనే ఉంది. కుడి మణికట్టు పూర్తిగా తిరగదు, గుడ్డ పిండాలంటే ఎవరో ఒకరు రెండో కొస పట్టుకోవాలి. మొన్న రోడ్డు మీద నన్ను చూసి, "బాగున్నావా బాబూ" అని తనే పలకరించింది. బాగున్నానని చెప్పాను గానీ, నీ చెయ్యెలా ఉందని అడగడానికి నాకు నోరు రాలేదు.