అంపైర్‌గారూ, ఇక్కడ తడి!

మా అక్కకి తడి కనిపిస్తుంది. తోడబుట్టిన అక్క కాదు లెండి; బ్యాడ్మింటన్ డబుల్స్‌లో పదకొండేళ్లు నా పక్కన నిలబడి ఆడిన మనిషి. ఎడారిలో కోర్టు గీసి ఆడించినా సరే, నాలుగు పాయింట్లు అయ్యేసరికి చెయ్యెత్తి "అంపైర్‌గారూ, ఇక్కడ తడి!" అంటుంది. ఒక్క చెమటచుక్క రాలితే ఈవిడగారికి వరదొచ్చినట్టే.

అంపైరు ఎత్తు కుర్చీలోంచి మెడ చాచి చూస్తాడు. "ఎక్కడమ్మా?"

"ఇక్కడండీ. కాదు కాదు, కాస్త ఇటు."

తుడిచే పెద్దాయన మాప్ పట్టుకుని వస్తాడు, తుడుస్తాడు. "ఇంకొంచెం కుడివైపు బాబాయ్" అంటుంది. అద్దంలా మెరుస్తున్న నేలని ఆయన మళ్లీ తుడుస్తాడు. ఓ పోటీలో అయితే ఆయన వెళ్లి కూర్చోవడమే మానేసి మా కోర్టు పక్కనే నిలబడిపోయాడు. "పెద్దాయన పేరు కూడా స్కోరుబోర్డు మీద వెయ్యండయ్యా, ముగ్గురూ ఆడుతున్నారుగా!" అని గ్యాలరీలోంచి ఎవరో అరిచారు.

అందరూ కలిసి ఆమెకి 'తడిగుడ్డ' అని పేరు పెట్టారు. మంచి ఊపు మీదున్నప్పుడు ఆట ఆపించి, తడిగుడ్డతో గొంతులు కోస్తుందని ఓడినవాళ్ల కుళ్లు. ఆ గొంతుల్లో నాదీ ఒకటని నా ఏడుపు. నేనా, మెరుపులాంటి ప్లేయర్ని! ఎంత పొడుగు ర్యాలీ అయినా నాకు ఆయాసం రాదు. షటిల్ కింద పడ్డాక రెండు చేతులూ మోకాళ్లకి ఆనించి, కాసేపు వంగి నిలబడతాను, అంతే. అది నా స్టయిలు. సరిగ్గా నేను ఆ స్టయిల్లో ఉండగానే ఈవిడ చెయ్యెత్తేది.

"ఏంటక్కా, నేలమీద భోజనాలు వడ్డిస్తావా?" అనేదాన్ని.

"జారితే విరిగేది నీ కాలే. తుడవనీ."

దేశం జట్టుకి ఒకే ఒక్క జంటని తీసుకుంటామన్నారు. అది తేల్చే మ్యాచ్‌లో, మూడో గేమ్‌లో, అరవై దెబ్బల ర్యాలీ గెలిచి పంతొమ్మిది దగ్గర సమం చేశాం. ఇంకో రెండు పాయింట్లు వస్తే విమానం ఎక్కడమే. ఆట ఆలస్యం చేస్తోందని అప్పటికే అక్కకి పసుపు కార్డు చూపించారు. మళ్లీ చేస్తే ఎర్ర కార్డు, అవతలివాళ్లకి ఉచితంగా ఒక పాయింటు. నేను నా స్టయిల్లో నిలబడ్డాను. కాస్త ఎక్కువ స్టయిలుగానే నిలబడ్డాననుకుంటాను, స్కోరుబోర్డు రెండుగా కనిపిస్తోంది.

"అంపైర్‌గారూ, ఇక్కడ తడి!"

"తడి లేదమ్మా. ఆడండి."

మహాతల్లి వింటేగా! రాకెట్ పక్కన పెట్టి, సంచిలోంచి తన తువ్వాలు తెచ్చుకుని, మోకాళ్లమీద కూర్చుని మరీ తుడిచింది. ఎర్ర కార్డు వచ్చింది. పాయింటు పోయింది. తర్వాతి పాయింటూ పోయింది. విమానం మమ్మల్ని వదిలేసి ఎగిరిపోయింది.

"నీకో దండం. ఈ జన్మలో నీతో ఆడను" అన్నాను. అక్క తువ్వాలు మడిచి సంచిలో పెట్టుకుంది.

కొత్త జోడీ కోసం దరఖాస్తు పెట్టాలంటే పాత జోడీ సంతకం కావాలట. వారం తర్వాత వాళ్లింటికి వెళ్లాను. ఇంత శుభ్రమైన మనిషి గుమ్మంలోనే కాళ్లు కడిగిస్తుందేమోనని పదకొండేళ్లూ ఎగ్గొట్టిన గడప అది.

ఆమె భర్త తలుపు తీశాడు. లోపల చూద్దును కదా, కుర్చీల నిండా ఉతకని బట్టలు. బల్ల మీద మూడు రోజుల కప్పులు. టీవీ మీది దుమ్ములో ఎవరో వేలితో ఫోన్ నంబరు రాసుకున్నారు.

"ఆ బట్టలు కిందకి తోసి కూర్చోమ్మా."

"బావగారూ, మరి అక్క... శుభ్రం..."

"మీ అక్కా? ఆవిడ గుడ్డ పట్టుకోవడం నేను టీవీలోనే చూశానమ్మా. బద్ధకంలో మేమిద్దరం డబుల్స్ ఆడతాం" అన్నాడాయన, ఏ మాత్రం సిగ్గుపడకుండా.

అంతలో అక్క వచ్చింది. నేను దరఖాస్తు బయటికి తియ్యలేదు. "మరి కోర్టులో ఎందుకక్కా ఆ తుడుపుడు?" అన్నాను.

"నీ మొహం నీకు కనబడదు కాబట్టి అడుగుతున్నావు. ఆ రోజు పెదాలు నీలం తిరిగాయే! నీకు ఆట ఉంది, ఊపిరి లేదు. మొదటి ఏడాదే కనిపెట్టాను."

"చెప్పొచ్చుగా?"

"డాక్టరుకి చూపించుకోమన్నప్పుడల్లా నా స్టయిలు, నా స్టయిలు అని నామీదకి ఎగిరింది ఎవరు? మా అత్తగారా?"

"విమానం పోయింది కదక్కా..."

"పోతే పోయింది. నువ్వు పోతే నేనెవరితో పోట్లాడను?"

సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది. దరఖాస్తు నాలుగు ముక్కలు చేశాను. చెత్త ఎక్కడ వెయ్యాలని ఆ ఇంట్లో అడగక్కర్లేదు గనక, ఉన్నచోటే వేశాను.

మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఉబ్బసం అన్నాడు, మందిచ్చాడు, దాంతో నా స్టయిలు వదిలిపోయింది. ఆరు నెలలకి మళ్లీ అదే జట్టు కోసం పోటీ. ఓ పెద్ద ర్యాలీ ముగిశాక నిటారుగా నిలబడి పక్కకి చూశాను. ముప్పై ఏడేళ్ల మా అక్క నడుం పట్టుకుని రొప్పుతోంది. చెయ్యి మాత్రం ఎత్తలేదు. తనకోసం ఏనాడూ ఎత్తలేదని నాకు అప్పుడు తట్టింది.

నేనే ఎత్తాను. "అంపైర్‌గారూ, ఇక్కడ తడి!"

"ఎక్కడే తడి? ఏమీ లేదు" అని గొణిగింది అక్క.

"నోరు మూసుకుని ఊపిరి పీల్చుకో అక్కా" అన్నాను.