ఆంటీ గోడ మీది బ్లాక్‌థార్న్

పక్కింటి ఆంటీ పోయారని వాళ్లబ్బాయి ఫోన్ చేసేసరికి నేను డ్యూటీ దిగి వచ్చి మొహం కడుక్కుంటున్నాను. "మమ్ ఈజ్ గాన్, అక్కా," అన్నాడు. ఆ కోవిడ్ రోజుల్లో వార్డు నుంచి ఎందరి ఇళ్లకో ఆ కబురు చెప్పిన దాన్ని నేను. ఆ పూట ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది.

ఈ చలిదేశంలో మేముండే టాలట్‌కు కొత్తగా వచ్చిన తెలుగు నర్సుల్లో ఆవిడ చేతి అన్నం తినని వాళ్లు తక్కువ. ఇంటి మీద బెంగతో కూర్చుంటే, "ఏడిస్తే ఏడువు గానీ, ముందు తినవే," అనేవారు.

నర్సుగా ఉద్యోగంలో ఉండగా ఆవిడ చూసుకున్న పెద్దాయన ఒకరు తన పొలం కంచెలోంచి బ్లాక్‌థార్న్ పిలక ఇచ్చాడట. నల్లటి ముళ్లకొమ్మ, ఆకు రాకముందే తెల్లగా పూస్తుంది. దాన్ని లోతులేని కుండీలో పెట్టి, కొమ్మలకు తీగ చుట్టి, కత్తిరిస్తూ, మూరెడు బోన్సాయ్‌గా పెంచారు. చలికాలం రాగానే ఇంట్లోకి తెచ్చి, గది వెచ్చబెట్టే రేడియేటర్ పక్కన పెట్టేవారు. ఏళ్లు గడిచినా ఒక్క పువ్వు లేదు. చలి తగలందే అది పూయదని ఎవరో చెప్పాక నవ్వుకున్నారు. "గుంటూరు ఎండల్లో పెరిగినదాన్ని. దానికీ నాలాగే చలేస్తుందనుకున్నానే."

ఆ చలికాలం దాన్ని మా రెండిళ్ల మధ్య గోడ మీదే ఉంచేశారు. మంచు పడిన పొద్దుల్లో వంటింటి కిటికీలోంచి దాన్ని చూస్తూ తెగ బాధపడేవారు. చివరికి కొమ్మల నిండా గసగసాలంత మొగ్గలు వచ్చాయి. ఆ వారమే ఆవిడకు జ్వరం, ఆయాసం.

అంబులెన్స్ ఎక్కుతూ, "నీళ్లు మర్చిపోకు అమ్మాయ్. జాలిపడి లోపలికి తేకు," అన్నారు.

"పూస్తే ఫోటో పంపుతాలెండి."

"ఫోటోలొద్దు. ఇన్నేళ్లు ఆగాను, వచ్చి చూసుకుంటా."

ఆవిడ ఉన్నది వేరే ఆసుపత్రి. నర్సునైనా నన్నూ రానివ్వలేదు. రోజూ పేషెంట్లకు నీళ్లు పట్టి వచ్చి, బూట్లు విప్పకుండానే దానికీ పోసేదాన్ని. ఒక్కోరోజు దాని మీద విసుగొచ్చేది. అది పూసిన పొద్దున ఫోన్ బయటకు తీశాను. వద్దన్నారు కదా అని మళ్లీ జేబులో పెట్టుకున్నాను. రెండు రోజులకే కబురొచ్చింది.

అంత్యక్రియలకు ఇంటివాళ్లను తప్ప రానివ్వని రోజులవి. అందుకని శవపేటిక ఉన్న కారును మా వీధిలోంచి తీసుకెళ్లారు. అందరం ఎవరి గేటు దగ్గర వాళ్లం నిలబడ్డాం. నేను కుండీని రోడ్డు వైపు గోడ చివరకు జరిపాను. కొమ్మలు కనపడనంతగా పూసి ఉంది.

కారు ఆవిడ గేటు ముందు ఆగింది. చూసుకుంటానన్న మనిషి వచ్చారు. కారు పొడుగాటి అద్దంలో, పేటికకు అడ్డంగా, ఆ పూలు తెల్లగా కనిపించాయి, బండి మళ్లీ కదిలేదాకా.