గురయ్య కారుకి కొత్త అడుగు

అది 2022 డిసెంబరు. విజయనగరం నుంచి నెల్లిమర్ల వెళ్లే రోడ్డు మీద నా టింకరింగ్ షెడ్డు ఉంది. టింకరింగ్ అంటే బండి రేకు పని. సొట్టలు తీయడం, చివికిన చోట కోసేసి కొత్త ముక్క అతకడం. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. సాలూరులో లారీ కేబిన్ల మీద నేర్చుకుని, తర్వాత కార్లకు మారాను. వేలితో కొట్టి చూస్తే రేకు ఎంత మందమో, వెనక తుప్పు ఉందో లేదో చెప్పేస్తాను. గొప్పకు చెప్పడం లేదు, చేతికి అలా అలవాటైపోయింది.

ఒక రోజు పొద్దున్నే గురయ్య పాత కారు షెడ్డు ముందు ఆగింది. అతనిది పూసపాటిరేగ వైపు సముద్రపొడ్డు పల్లె. పడవల దగ్గర చేపలు కొని, ఐసులో పెట్టి, సాలూరులో లారీ డ్రైవర్లు తినే హోటళ్లకు వేస్తాడు. ట్రేలు పట్టాలని వెనక సీటు పీకేశాడు. దాంతో డిక్కీ నుంచి డ్రైవరు సీటు దాకా అంతా ఖాళీయే. అంతకు ఏడాది ముందు ఓసారి నా దగ్గరికి వచ్చాడు కాబట్టి మనిషి తెలుసు. ఈసారి అతనికంటే ముందు అతని భార్య పోలమ్మ దిగింది.

"మేస్త్రీ, డిక్కీ అడుగు సిల్లులు పడిపోనాది. ఐసు నీళ్లు రోడ్డంతా కారతన్నాయి. బేగి ఏదో ముక్కేసి కప్పీ. అమ్మేస్తాం."

"అమ్మేస్తే సేపలు దేంట్లో తోల్తారమ్మా?"

"తోలీవోడు తిన్నగా ఉంటే కదా! రెండేళ్ల కిందట తాగుడు ఒగ్గేసినాడు. ఇప్పుడు మళ్లీ మొదలెట్టినాడు. రెండు నెల్ల నుంచి సూస్తన్నాను. సాలూరు నుంచి వచ్చీసరికి తూలతన్నాడు, కక్కుకుంటన్నాడు. మొన్న గజపతినగరం దాటాక బండిని పొలంలోకి దింపీసినాడు."

గురయ్య స్టూలు మీద కూలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేల చూస్తూ, "నేను తాగనేదు" అన్నాడు.

"కన్న గుంటదాని నెత్తి మీద సెయ్యేసి ఇదే మాట సెప్పినాడు మేస్త్రీ. మర్నాడు మళ్లీ తూలుకుంటా వచ్చినాడు."

నిజం చెప్పాలంటే నేనూ ఆమె మాటే నమ్మాను. తాగి తోలినవాళ్ల బండ్లు నా షెడ్డుకి చాలా వచ్చాయి. వాళ్లందరూ తాగలేదనే చెబుతారు.

డిక్కీ తెరిచి రబ్బరు మ్యాట్ ఎత్తాను. ఐసులోంచి కారిన ఉప్పునీళ్లు రేకును తినేశాయి. వేలితో నొక్కితే అప్పడంలా విరిగింది. మధ్యలో నాలుగు రివిట్లతో బిగించిన ముక్క ఒకటి కనిపించింది. అది నేను వేసిందే. కిందటేడు గురయ్య తొందరపెడితే, తుప్పు కోయకుండా పైన ముక్క పరిచి, చుట్టూ తారు పూసి పంపేశాను. మంచి రేకు వచ్చేదాకా కోసి తీసెయ్యాలన్నది మా పనిలో మొదటి పాఠం. కోయకపోతే తుప్పు ఆ ముక్క కిందే పెరుగుతుంది. తెలిసే చేశాను.

ఇంకోటి కూడా కనిపించింది. చిల్లుల చుట్టూ, రేకు పైవైపున, నల్లటి మసి ఉంది. ఆ మసి బండి కింద ఉండాలి గానీ లోపలికి ఎలా వచ్చింది? కిందికి దూరి చూశాను. సైలెన్సర్ అతుకు సరిగ్గా ఆ చిల్లుల కిందే విచ్చుకుని ఉంది.

"గురయ్యా, అద్దాలు దించి తోల్తావా, ఎత్తి తోల్తావా?"

"సలి కదా మేస్త్రీ. ఎత్తేసే తోల్తాను."

"తూలుడు ఎప్పుడు మొదలవతాది?"

"విజయనగరం దాటితే నొసలు పట్టేస్తాది. రామభద్రపురం వచ్చీసరికి కడుపులో తిప్పుతాది."

"పొగ వాసన రానేదా?"

"సేపల వాసనలో ఇంకేటి తెలస్తాది?"

ఇంజన్ స్టార్ట్ చేసి, పొగగొట్టానికి తడి గోనె అడ్డం పెట్టి పట్టుకున్నాను. పోలమ్మను డిక్కీ దగ్గరికి పిలిచాను. బయటికి దారిలేని పొగ చిల్లుల్లోంచి సన్నగా పైకి లేచి, మెల్లగా డ్రైవరు సీటు వైపు పాకింది.

"సూడమ్మా. ఈ పొగలో కార్బన్ మోనాక్సైడ్ అని ఓ విషం ఉంటాది. పీల్చినోడు తాగినోడిలాగే తూలతాడు. ఇంకా ఎక్కువైతే నిద్రలోకి పోయి మరి లెగడు."

ఆమె ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. "తుపానని పడవలెల్లని నాలుగు రోజులూ ఇంటికాడ బానే ఉన్నాడు. నేను కాపలా కాసినాను కాబట్టి తాగనేదనుకున్నాను" అంది.

ఇంజన్ ఆపాను. ఆ మాట అప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేననిపించింది. "ఈ పాత ముక్క నేను యేసిందేనమ్మా. కోసి యెయ్యాల్సింది, కోయనేదు. తప్పు నాదే."

"ఆడు పోయుంటే ఏటి సేద్దువు మేస్త్రీ?" అంది. అరవలేదు. అరిచి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

ముందు పెద్దాసుపత్రికి తీసుకెళ్లమన్నాను. జరిగింది డాక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పమన్నాను. ఆటో పిలిచి ఇద్దర్నీ ఎక్కించాను. సాయంత్రం ఫోన్ చేసింది. ఆక్సిజన్ పెట్టారట, తేరుకున్నాడట.

కారు మూడు రోజులు నా దగ్గరే ఉంది. తుప్పంతా కోసేసరికి డిక్కీలో సగం అడుగు పోయింది, షెడ్డు నేల కనిపించింది. ఆ ఖాళీకి అట్టతో కొలత తీసి, పద్దెనిమిది గేజ్ రేకు కోశాను. గేజ్ అంటే రేకు మందానికి మా లెక్క. అంకె తగ్గేకొద్దీ మందం పెరుగుతుంది. కంపెనీ రేకు ఇంతకంటే పల్చన. బల్లపరుపు రేకు గతుకుల్లో డప్పులా మోగుతుంది. అందుకని చెక్క దిమ్మ మీద పెట్టి సుత్తితో పొడవునా సన్నటి గాడులు తీశాను. ఆ గాడులే రేకుకి బలం. వెల్డింగ్ ఒకే వరసలో లాక్కుపోతే వేడికి రేకు వంకర తిరుగుతుంది. ఇక్కడో బొట్టు, ఎదురుగా ఓ బొట్టు పెట్టుకుంటూ చుట్టూ మూసుకొచ్చాను. తర్వాత కింద బల్బు వెలిగించి, డిక్కీలో తల పెట్టి చూశాను. ఒక మూల సూది మొనంత వెలుతురు కనిపించింది. ఆ మూల మళ్లీ గ్రైండ్ చేసి అతికాను. రెండు వైపులా తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ రంగు, అతుకుల మీద సందులు మూసే సీలెంట్, కింద తారు కోటింగ్ వేశాను. సైలెన్సర్ కొత్తది బిగించాను. ఐసు నీళ్లు రేకుకి తగలకుండా పెట్టెల కింద లోతైన ప్లాస్టిక్ ట్రే అమర్చాను. పని బాగా కుదిరింది. ఆ అడుగు మీద లారీ జాకీ పెట్టినా కదలదు.

నాలుగో రోజు ఇద్దరూ వచ్చారు. గురయ్య ముఖం తేటపడింది. పోలమ్మ కొత్త రేకు మీద అరచేత్తో కొట్టి చూసి, "లోపల నువ్వు కూకో మేస్త్రీ. తడి గోనె నేను పట్టుకుంటాను" అంది.

అడగడంలో న్యాయం ఉంది. డిక్కీలో ట్రేల జాగాలో ముడుచుకుని కూర్చున్నాను. గురయ్య ఇంజన్ స్టార్ట్ చేసి, అద్దాలన్నీ ఎత్తేసి బయట నిలబడ్డాడు. పోలమ్మ గోనె అడ్డం పెట్టింది. అద్దంలోంచి కళ్లార్పకుండా నన్నే చూస్తోంది. లోపల సీలెంట్ వాసన, చేపల వాసన తప్ప ఏమీ లేదు. కాసేపటికి ఆమే తలుపు తీసింది.

"దిగు. సాల్లే."

తర్వాత మొగుడి వైపు తిరిగింది. "రెండు నెల్లు నీ మాట ఇన్నేదు మావా."

"నా మాట నాకే నమ్మకం పోనాదే. తాగకుండా ఎందుకు తూలతన్నానో నాకూ తెలీనేదు" అన్నాడు గురయ్య.

పోలమ్మ ముందు సీట్లో ఎక్కి, అద్దం సగం దించి కూర్చుంది. కారు అమ్మే మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ తర్వాత నా పనిలో రెండు మార్పులు వచ్చాయి. తుప్పు మీద ముక్క వేయడం మానేశాను. ఎంత తొందరపెట్టినా కోసే వేస్తాను, కుదరదంటే వేరే షెడ్డు చూసుకోమంటాను. రెండోది, అడుగు చివికిన బండి వస్తే రేకు కంటే ముందు తోలే మనిషి ముఖం చూస్తాను. తల పట్టేస్తోందా, వాంతి వచ్చినట్టుంటోందా అని అడుగుతాను. టింకరింగ్ మేస్త్రికి ఈ డాక్టరు ప్రశ్నలేమిటని కొందరు నవ్వుతారు. నవ్వినా సరే, జవాబు చెప్పాకే సుత్తి పట్టుకుంటాను.