గిన్నెల బరువుకు సరిపడే టైర్లు

శనివారం ఉదయం ఏడూ నలభైకి నేను ట్రైలర్ పక్కన గొంతుక్కూర్చుని టైరు చూస్తున్నాను. మే నెల. అమెరికాలో మేముండే బాతెల్‌లో ఆ వేళకి ఇంకా చలిగానే ఉంటుంది. టైరు పక్క భాగంలో రబ్బరు మీద సన్నటి పగుళ్ళు కనిపించాయి. ఒకదాంట్లో గోరు పెడితే దిగింది. ట్రైలర్ టైర్లు అరిగి పాడవడం తక్కువ. ఎక్కువగా కదలకుండా నిలబడి పాడవుతాయి.

ట్రైలర్ అంటే కారు వెనక తగిలించుకుని వెళ్ళే చిన్న గది. రెండు మంచాలు, ఒక పొయ్యి, ఒక సింకు. నేను రిటైరైన ఏడు కొన్నాం. వేసవిలో నాలుగైదు కుటుంబాలం కలిసి కొండలు దాటి తూర్పు వైపు సరస్సుల దగ్గరికి వెళ్ళేవాళ్ళం. అందరికీ వంట మా ఆవిడే చేసేది. కిందటి అక్టోబరులో ఆవిడ పోయింది.

ఈ ఏడాది మా ఇంట్లో పండగలు లేవు. మా అమ్మాయి పిల్లలు అడిగింది ఒక్కటే, బడికి సెలవులిచ్చాక తాతతో ట్రైలర్‌లో సరస్సుకి వెళ్ళాలని. అమ్మాయి ఫోన్‌లో చెప్పింది.

"నాన్నా, వాళ్ళు నీతో ట్రైలర్‌లో పడుకుంటారు, నాకు ఓకే. కానీ ఆ పాత టైర్లతో కొండల మీది పాస్ ఎక్కడానికి నేను ఒప్పుకోను. టైర్లు మార్చు, లోడ్ ఎంతుందో తూయించు. అప్పుడే పంపిస్తా."

"టైర్లు మారుస్తాను. తూయించడం దేనికి?"

"అమ్మ అందులో ఎంత సామాను వేసేదో నాకు తెలీదా?" అని నవ్వింది. నవ్వు మధ్యలో ఆగిపోయింది.

ఏదన్నా తెలియకపోతే చదవడం నా అలవాటు. రెండు రోజులు టైర్ల గురించే చదివాను. మా పాత టైర్ల మీద సి అనే అక్షరం ఉంది. దాని పైన డి, ఆ పైన ఇ. అక్షరం పెరిగే కొద్దీ టైరు గట్టిదనం, పట్టే గాలి, మోసే బరువు పెరుగుతాయి. ఆ గాలికి రిమ్ము కూడా తట్టుకోవాలి. ఇదంతా తేలికగానే అర్థమైంది. ఇంకో మాట కూడా ప్రతిచోటా రాసి ఉంది. టైరు ఎంత గట్టిదైనా, చక్రాల మధ్య ఉండే ఇరుసు, అంటే యాక్సిల్, తను మోయగలిగినంతే మోస్తుంది. ఆ హద్దు ట్రైలర్ ముందు భాగంలో ఒక రేకు మీద అచ్చు వేసి ఉంటుంది. టైరు మారిస్తే అది మారదు. ఆ మాట వచ్చినప్పుడల్లా నేను పేజీ కిందికి జరిపేవాణ్ణి.

ఎందుకంటే ట్రైలర్‌లో ఏముందో నాకు తెలుసు.

మా ఆవిడ పోయిన తర్వాత పన్నెండు రోజులూ మా ఇంట్లో పొయ్యి వెలిగించే పని పడలేదు. మా వాళ్ళు, అంటే ఇక్కడి తెలుగువాళ్ళు, ఫోన్‌లో గ్రూప్ పెట్టుకుని, ఎవరు పప్పు, ఎవరు కూర, ఎవరు పెరుగు అని పంచుకున్నారు. తెచ్చిన వంట అంతా గిన్నెల్లో వచ్చింది. స్టీలు గిన్నెలు, క్యారేజీలు, ప్రెషర్ కుక్కర్లు, ఇడ్లీ పాత్ర. పక్కింటి అమెరికన్ ఆవిడ మోయలేనంత బరువున్న పోతఇనుము గిన్నెలో సూప్ తెచ్చింది. మా వాళ్ళలో ఒకరింటికి వంట పంపితే సొంత గిన్నెలోనే పంపుతారు. తీసుకున్నవాళ్ళు దాన్ని ఖాళీగా తిరిగివ్వరు. ఏదో ఒకటి వేసి ఇస్తారు. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదార. మా ఆవిడ ఈ విషయంలో చాలా పట్టింపుగా ఉండేది. కుండీలో పెంచిన కరివేపాకు మొక్క నుంచి రెండు రెబ్బలు తుంచి వేసి పంపిన రోజులు కూడా ఉన్నాయి. ఆ పంపకాలు ఎప్పుడూ ఆవిడే చూసుకుంది. ఏ గిన్నె ఎవరిదో టేపు అంటించకుండానే గుర్తుండేది ఆవిడకి.

చుట్టాలు వెళ్ళిపోయాక నేను ఆ గిన్నెలన్నీ కడిగి తుడిచి వంటింటి గట్టు మీద పేర్చాను. ఖాళీగా ఇవ్వలేను. నింపి ఇద్దామంటే నాకు వచ్చింది అన్నం, చారు. ఏడాది తిరగని ఇంటి నుంచి తినేది పంపితే తీసుకునేవాళ్ళకి ఎలా ఉంటుందో అని కూడా అనుకున్నాను. అది సాకని అప్పుడే తెలుసు. గట్టు మీద అవి ఉంటే టీ పెట్టుకోవడానికి చోటు లేదు. ఒకరోజు వాటిని తీసుకెళ్ళి ట్రైలర్‌లో మంచాల కింద పెట్టాను. ఇది తాత్కాలికమే అనుకున్నాను. చలికాలమంతా ఎవరో ఒకరు వంట తెస్తూనే ఉన్నారు. వాళ్ళ గిన్నెలూ అక్కడికే వెళ్ళాయి. మంచాల కింద నిండాక సింకు కింద, ఆ తర్వాత స్నానాల గదిలో. మా ఆవిడ రాతి గ్రైండరు, ఆవిడ వంట సామాను ముందే అందులో ఉన్నాయి. వాటిని నేను ముట్టుకోలేదు.

టైర్ల షాపులో కౌంటర్ దగ్గర ఉన్నతను ట్రైలర్ బరువెంత అని అడిగాడు. కంపెనీ కరపత్రంలో ఉన్న ఖాళీ బరువు చెప్పి, సామానుకి కొంచెం కలుపుకోమని, ఇ టైర్లు కావాలన్నాను.

"దానికి సి చాలు. భయమైతే డి. ఇ ఎందుకు?" అన్నాడు.

"మా ఆవిడ వంట ఎక్కువ చేస్తుంది. గిన్నెలుంటాయి" అన్నాను.

అతను నవ్వాడు. మంచి నవ్వు. "అదృష్టవంతుడివి" అన్నాడు. రిమ్ములు ఆ గాలికి సరిపోతాయని చూసి చెప్పాడు. డబ్బులిచ్చి బయటికి వచ్చాక, వాళ్ళు టైర్లు మారుస్తున్నంతసేపూ కారులో కూర్చుని ఆ వాక్యం నాలో నేనే అనుకున్నాను. చనిపోయిన మనిషిని అడ్డం పెట్టుకుని అబద్ధం ఆడడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు.

జూన్ మొదటి ఆదివారం అమ్మాయి, అల్లుడు వచ్చారు. అల్లుడు ఇక్కడే పుట్టి పెరిగినవాడు. తెలుగు కొంచెం తడుముకుంటూ మాట్లాడతాడు, కానీ నాతో తెలుగులోనే మాట్లాడాలని పట్టు. కొత్త టైర్లు చూసి కాలితో తట్టాడు.

"మామయ్యగారు, ఇవి ట్రక్ టైర్లు లాగా ఉంది. సూపర్."

"చూశావా, ఇంక తూయించక్కర్లేదు" అన్నాను అమ్మాయితో.

"నేను టైర్ల సంగతి అడగట్లేదు నాన్నా."

ఊరి బయట కంకర అమ్మే చోట లారీలు తూచే కాటా ఉంది. డబ్బు కడితే మన బండి కూడా తూస్తారు. అల్లుడు కారు నడిపాడు, నేను పక్కన కూర్చున్నాను. మలుపుల దగ్గర వెనక నుంచి స్టీలు స్టీలుకి తగిలిన చప్పుడు వినిపించింది. అల్లుడు అద్దంలోకి చూశాడు.

కాటా చీటీ అమ్మాయి చేతికే ఇచ్చారు. ట్రైలర్ ముందున్న రేకు దగ్గరికి వెళ్ళి రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. టైర్లకి బరువు లెక్కే కాదు, యాక్సిల్ మీద బరువు మాత్రం హద్దు దాటింది. ఆమె తలుపు తీసి లోపలికి వెళ్ళింది. మంచం పరుపు ఎత్తిన చప్పుడు విన్నాను. నేను బయటే నిలబడ్డాను. మా వెనక కంకర లారీ ఒకటి ఆగి ఉంది.

అల్లుడు గుమ్మంలోంచి తల పెట్టి చూశాడు. "మామయ్యగారు, ఇది క్యాంపర్ కాదు, స్టీల్ షాప్" అన్నాడు. నన్ను తేలికపరచడానికే అన్నాడు. ఎవరమూ నవ్వలేదు.

అమ్మాయి ఇడ్లీ పాత్ర పట్టుకుని మెట్టు మీదికి వచ్చింది. మూత మీద టేపు, టేపు మీద ఇంటిపేరు.

"ఇది ఇక్కడుందా? ఆంటీ ఉగాదికి కొత్తది కొనుక్కున్నారు నాన్నా. ఇదేమైందని అడిగితే, మీ నాన్నని మాత్రం అడగొద్దే అన్నారు."

"ఆవిడకి తెలుసా?"

"అందరికీ తెలుసు. ఎవరి గిన్నె వాళ్ళకి తెలీదా? అడిగితే నువ్వు బాధపడతావని ఎవరూ అడగలేదు."

నేను దాచాననుకున్నది ఎవరి దగ్గరా దాగలేదు. ఆరేడు నెలలుగా ఆ ఇళ్ళలో ఆడవాళ్ళు ఉన్న గిన్నెలతో సర్దుకున్నారు, లేదా కొత్తవి కొనుక్కున్నారు, ఎదురుపడ్డప్పుడు నన్ను భోజనం చేశారా అని మాత్రమే అడిగారు. లారీ డ్రైవరు హారన్ కొట్టలేదు, కానీ ఇంజన్ స్టార్ట్ చేశాడు. మేము పక్కకి జరిగాం.

"ఇవాళే ఇచ్చేద్దాం. ఇవి ఉన్నన్నాళ్ళూ పిల్లల్ని ఇందులో ఎక్కించను" అంది అమ్మాయి.

"ఖాళీగానా?"

"ఖాళీగానే."

దారిలో షాపు దగ్గర ఆపి పంచదార కొందామన్నాను. అమ్మాయి ఆపనివ్వలేదు. "సంచీ పంచదార కొని ఇంటింటికీ పంచుతావా? అది మీ అల్లుడు చెప్పే జోకులా ఉంటుంది" అంది. ఆమె చెప్పింది సబబే.

మొదట ఇడ్లీ పాత్ర ఆవిడ ఇంటికి వెళ్ళాం. మా ఆవిడకి ఇక్కడ మొదట దొరికిన స్నేహితురాలు. తలుపు తీసి నన్ను చూసి, నా చేతిలోది చూసి, "అయ్యో అన్నయ్యగారూ, దీనికోసం మీరు రావాలా" అంటూ అందుకుంది. అందుకుంటూనే మూత ఎత్తి లోపలికి చూసింది. ఆవిడకి తెలియకుండానే చూసింది. ఎన్నో ఏళ్ళుగా మా ఇంటి నుంచి వచ్చిన గిన్నె మూత ఎత్తడం ఆవిడకి అలవాటు. లోపల ఏమీ లేదు. వెంటనే మూత పెట్టేసింది. ముఖం ఎర్రబడింది. నాది కూడా ఎర్రబడే ఉంటుంది.

"లోపలికి రండి, కాఫీ తాగి వెళ్దురు గాని."

"ఏడాది కాలేదమ్మా. ఇంకోసారి వస్తాను."

"మా ఇంట్లో అలాంటివేం లేవండీ. రండి."

వెళ్ళాను. కాఫీ తాగాను. ఆవిడ గిన్నెల గురించి మాట్లాడలేదు, పిల్లల సెలవుల గురించి మాట్లాడింది. తర్వాత ఇళ్ళలో కూడా దాదాపు ఇలాగే జరిగింది. ఒకరింట్లో మాత్రం ఇల్లాయన, "మా కుక్కర్ మీ దగ్గర వెకేషన్‌లో ఉందా" అన్నాడు. ఆయన భార్య ఆయన చెయ్యి గట్టిగా నొక్కింది. ఆ రోజు నాకు కొంచెం ఊపిరాడింది ఆ ఒక్క మాటకే. పక్కింటి ఆవిడకి పోతఇనుము గిన్నె చివర ఇచ్చాను. ఆవిడ లోపలికి చూడలేదు. ఆవిడకి ఆ ఆచారం లేదు.

గ్రైండరు, వంట సామాను అమ్మాయి తన గరాజ్‌లో పెట్టుకుంది. అడ్డు చెప్పడానికి నాకు మొహం లేదు. మళ్ళీ తూయిస్తే బరువు హద్దులోకి వచ్చింది. నేను కొన్న టైర్లు ఇప్పుడు అవసరమైన దానికన్నా చాలా గట్టివి. వాటిలో గాలి ఎక్కువ, బరువు తక్కువ కాబట్టి ఖాళీ బండి కొంచెం ఎగురుతుంది కూడా.

జూన్ చివర సరస్సుకి వెళ్ళాం. పిల్లలిద్దరూ నాతోనే ట్రైలర్‌లో పడుకున్నారు. పొద్దున బ్రెడ్డు కాల్చి పెట్టాను, తిన్నారు. అమ్మమ్మ దోసెలు అడుగుతారేమోనని భయపడ్డాను. చిన్నది అడగబోతే పెద్దది కళ్ళతో వద్దని చెప్పింది. అది కూడా చూశాను.

ఆగస్టులో మా గ్రూపులో ఒకాయన తల్లి పోయింది. ఎవరు ఏం తేవాలో ఎప్పటిలాగే ఫోన్‌లో పంచుకున్నారు. సందేశం చివర కొత్తగా ఒక వాక్యం ఉంది. దయచేసి వాడి పారేసే ఫాయిల్ ట్రేలలోనే తెండి, తిరిగివ్వాల్సిన పని లేకుండా. ఎవరూ ఎందుకని అడగలేదు. అందరూ సరేనన్నట్టు బొటనవేలు బొమ్మ పెట్టారు. నేనూ పెట్టాను.

మా వాళ్ళలో ఇప్పుడు చావు జరిగిన ఇంటికి ఎవరూ సొంత గిన్నెల్లో వంట పంపడం లేదు.