దుబ్బ పోసిన ఇల్లు

కోర్టు జప్తు చేసిన ఇంటిని అమ్మిపెట్టే ఫైలు నా బల్ల మీదికి వచ్చినప్పుడు నాకేమీ సంతోషం కలగలేదు. తెలంగాణ వచ్చి అప్పటికి నాలుగైదేళ్లు. నల్లగొండ కలెక్టర్ ఆఫీసులో నేను గుమాస్తాను. కంపెనీ పెట్టి, ఎక్కువ వడ్డీ ఆశ చూపి చుట్టుపక్కల ఊళ్లలో డిపాజిట్లు కట్టించుకున్న ఒకాయన బోర్డు తిప్పేశాడు. మనిషి దొరకలేదు. కట్టంగూర్ దగ్గర హైవే పక్కన ఆయన కట్టుకున్న రెండంతస్తుల ఇల్లు మాత్రం చేతికి చిక్కింది. దాన్ని వేలం వేసి, వచ్చిన సొమ్ము మోసపోయినవాళ్లకు పంచమని కోర్టు ఉత్తర్వు. కనీస ధర కంటే తగ్గించి ఇవ్వకూడదు, తగ్గితే నష్టం వాళ్లకే.

వాళ్లలో అందరికంటే ఎక్కువసార్లు ఆఫీసుకు వచ్చింది కేతేపల్లి నుంచి ఒకామె. యాభై ఏళ్లుంటాయి. భర్త తాటిచెట్టు మీంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. సర్కారు ఇచ్చిన పరిహారం మొత్తం తీసుకెళ్లి ఆ కంపెనీలో పెట్టింది. ఆపరేషన్ చేస్తే కర్ర పట్టుకునైనా నడుస్తాడని, ఆలస్యం మాత్రం చేయొద్దని పట్నం డాక్టర్లు చెప్పారట. వచ్చినప్పుడల్లా "పాట ఎప్పుడు సారూ?" అని అడిగేది. వేలాన్ని ఇక్కడ అందరం పాట అనే అంటాం. నేను తేదీ చెప్పి తల దించుకునేవాణ్ణి. నిజం చెప్పాలంటే ఆమె వస్తే నాకు విసుగు.

మొదటి పాటకు పేపర్లో ప్రకటన ఇచ్చాం, ఊళ్లో డప్పు కొట్టించాం, ఆ ఇంటి ముందు కుర్చీలు వేయించాం. ఒక్కరూ రాలేదు. మళ్లీ కోర్టు అనుమతి తెచ్చుకునేసరికి నెలలు గడిచాయి. రెండో పాటకు ఒకతను వచ్చి కూర్చున్నాడు. సంబరపడి చాయ్ తెప్పించాను. తాగి, సూర్యాపేట బస్సు ఇక్కడ ఆగుతుందా అని అడిగాడు. రెండుసార్లూ "పాటదారులు హాజరు కాలేదు" అని ఫైల్లో రాశాను.

అసలు సంగతి ఒక భూముల బ్రోకరు చెప్పాడు.

"గా ఇంటి మీద దుబ్బ పోసిండ్రు సారూ. పుక్యానికి ఇచ్చినా ఎవడు తీస్కోడు."

కడుపు మండినవాళ్లు పిడికెడు మన్ను తీసి గుమ్మం ముందు పోసి, ఈ ఇంట్లో దీపం పెట్టినవాడు నాశనమైపోవాలని తిట్టడం మా వైపు ఉన్నదే. ఆ ఉసురు నెత్తిన వేసుకోవడానికి ఎంత డబ్బున్నవాడైనా జంకుతాడు. నేనలాంటివి నమ్మను. కానీ కొనేవాళ్లు నమ్ముతారు, పాడవలసింది వాళ్లు.

"ఎవరు పోసిండ్రు?" అన్నాను.

"ఇంకెవరు? పైసలు మునిగినోళ్లే. ముందుగాల పోసింది కేతేపల్లామె."

నాకు ఒళ్లు మండింది. ఆమె మళ్లీ రాగానే అరిచాను.

"గా ఇల్లు అమ్ముడుపోతేనే గదమ్మా నీ పైసలొచ్చేది. నీ చేతులతోనే చెడగొట్టుకుంటివి."

"వాడు దొరకలే సారూ. ఇల్లే కండ్ల ముందట ఉండె" అంది. తర్వాత మెల్లగా, "పోసిన దుబ్బ మళ్ల తియ్యొస్తదా?" అని అడిగింది.

"నాకేం ఎరుక? నాకు తెలిసింది నోటీసు అంటించుడే."

మూడో పాట రోజు పొద్దున ఆమె మరో ఎనిమిది మంది ఆడవాళ్లతో వచ్చింది. బ్రోకరు నచ్చజెప్పి తెచ్చిన నలుగురు దూరంగా నిలబడ్డారు. వాళ్లు చూస్తుండగానే ఆడవాళ్లు గుమ్మం ఊడ్చి, ఆ మన్ను తట్టలోకి ఎత్తి, గేటు దాకా పసుపు నీళ్లు చల్లారు. "కొన్నోళ్లు సల్లగుండాలె. మా నోటిమాట ఎనక్కి తీస్కుంటున్నం" అని ఆమె గట్టిగా చెప్పింది. రికార్డులో రాయడానికి వీల్లేని ఆ పని కోసం నేను పాటను అరగంట ఆపాను. ఆ తర్వాత నలుగురూ పోటీపడి పాడారు. ఇల్లు కనీస ధర దాటి ఒక హోటలాయనకు పోయింది.

వాటాలు తేలి, చెల్లింపుల దాకా వచ్చేసరికి ఇంకొంత కాలం పట్టింది. ఆమె వేలిముద్ర వేయడానికి వచ్చిన రోజు భర్త ఆపరేషన్ సంగతి అడిగాను.

"పోయినేడు తెస్తే అవుతుండెనట సారూ. ఇప్పుడు చేసినా ఫాయిదా లేదన్నరు."

కాగితం నా వైపు జరిపి, "నేను దుబ్బ పొయ్యకపోతే మొదటి పాటకే పోతుండె గద?" అని అడిగింది.

పోయేదే. అది నాకూ తెలుసు, బ్రోకరుకూ తెలుసు. ఆరోజు ఆమె మీద అరిచినందుకు నాకు సిగ్గేసింది. ఇన్నేళ్ల సర్వీసులో తప్పు మాదని ఎవరి ముందూ ఒప్పుకున్నవాణ్ణి కాదు.

"కాదమ్మా. మేమే ధర ఎక్కువ పెట్టినం" అన్నాను.

ఆమె నా మొహం వంక చూసింది. నమ్మిందో లేదో తెలియలేదు.

"గీ మాట మా ఇంటాయన ముందట జర అంటరా సారూ? కింద ఆటోల పండవెట్టిన."

నేను లేచి, ఆమె వెనక మెట్లు దిగాను.