మూడు గోల్స్ తక్కువైన వీరుడు

ఫుట్‌బాల్‌లో స్ట్రైకర్ అంటే నాకు మొదటి నుంచీ చులకనే. పదిమంది కాళ్లరిగేలా మోసుకొచ్చిన బంతిని ఆఖర్న ఒక్క తన్ను తన్ని, చొక్కా విప్పి పరుగెత్తే మనిషి. సింగపూర్ హాకర్ సెంటర్ తిండి దుకాణాల్లో బల్ల మీద టిష్యూ పొట్లం పెట్టి చోటు చోప్ చేసుకున్నట్టు, అంటే ముందే ఆపుకున్నట్టు, గోల్ పోస్టు ముందు జాగా పట్టుకుని కాచుకుంటాడు. మా ప్రాజెక్ట్ మేనేజర్లూ అంతే కనక ఆ జాతిని పోల్చుకోవడం నాకు కష్టం కాలేదు.

కంప్యూటర్ తెలుసన్నవాడినల్లా సింగపూర్ కళ్లకద్దుకుంటున్న రోజులవి. నేను చేరిన చిన్న కంపెనీ ఫుట్‌బాల్ అభిమానుల కోసం వెబ్‌సైట్ తయారు చేస్తోంది. ఇంటర్వ్యూలో ఫుట్‌బాల్ నా ప్రాణమని చెప్పాను గానీ, ఒక్క ఆటైనా పూర్తిగా చూసిన పాపాన పోలేదు. సైట్ ప్రారంభానికి మా బాస్, అక్కడి చైనీస్ ఆయన, ఆట మానేసిన ఒక ఇటలీ స్ట్రైకర్‌ని పిలిపించాడు. ‘రెండు వందల గోల్స్ వీరుడు’ అని గోడంత బ్యానర్ ముందే అచ్చు వేయించాడు. ఆ వీరుడి కెరీర్ మొత్తాన్ని గోల్ వెంట గోల్ సైట్‌లోకి ఎక్కించడం నా పని.

ఎక్కించాను. నూట తొంభై ఏడు దగ్గర ఆగిపోయింది.

"ఇంకో మూడు వెతుకు లా! బ్యానర్ వచ్చేసింది. శుక్రవారం జనం ముందు లెక్క తప్పిందంటే నీ పాస్ రెన్యువల్ కాగితం మీద నా సంతకం ఉండదు," అన్నాడు బాస్, మాట చివర ‘లా’ తగిలించే సింగపూర్ అలవాటుతో. నన్ను ఈ దేశంలో ఉండనిచ్చే వర్క్ పాస్‌కి మిగిలింది నెల రోజులు.

బుధవారం స్ట్రైకర్ ఆఫీసుకొచ్చాడు. నూనె కారే జుట్టు, మెడలో లావుపాటి గొలుసు, కదిలితే టక్కుమనే మోకాలు. మాది ఒంగోలు బజార్లో కిరాణా కొట్టు. తూకం అయ్యాక పిడికెడు కొసరు వెయ్యనిదే ఏ బేరమూ తెగదని పుట్టినప్పటి నుంచీ తెలుసు. లీగ్ ఆటల్లో కొట్టినవి తూకం, సరదా ఆటల్లో కొట్టినవి కొసరు. "అలాంటివి ఓ మూడు చూపించండి సార్, చాలు," అన్నాను.

వాడు సంచీలోంచి పేపర్ కటింగులు అతికించిన పుస్తకం తీశాడు. "మూడెందుకు? అరవై ఉన్నాయి. వేస్తే అన్నీ వెయ్యి."

అరవై వేస్తే బ్యానర్ మళ్లీ తప్పే. బేరంలోకి దిగాను. రైతు దగ్గర కందులు కొనేటప్పుడు మా నాన్న ముందు గుప్పెడు తీసి మొహం చిట్లించేవాడు. తడి ఉందనేవాడు, పుచ్చు ఉందనేవాడు. నేనూ మొహం చిట్లించాను.

"ఇదేంటి సార్, రొట్టెల దుకాణం వాళ్ల జట్టు మీద కొట్టిందా? ఇక్కడ చూడండి, గోల్‌కీపర్ జారిపడ్డాడు. ఇందులో బంతి మీ వీపుకు తగిలి లోపలికెళ్లింది, మీరసలు అటు చూడనే లేదు."

ఊపు ఆగలేదు. "ఆ నూట తొంభై ఏడులో మాత్రం పెనాల్టీలు ఎన్ని లేవు? అంతా తాలే!"

నాన్న ఇంకో మాట కూడా అనేవాడు: "వంక పెట్టాల్రా, కానీ వాడు మూట కట్టేసుకునేంత పెట్టకూడదు." అది గుర్తొచ్చేసరికే వాడు నా పెన్ను తీసుకున్నాడు. జాబితాలో పెనాల్టీలన్నీ కొట్టేశాడు. ఎవరి కాలికో తగిలి లోపలికి పోయినవీ కొట్టేశాడు. "నువ్వన్నది నిజమే. నూట ఇరవై. స్టేజి మీద కూడా అదే చెప్తాను," అని లేచాడు. మోకాలు టక్కుమంది.

సాయంత్రం బుకిట్ బటోక్ ఫ్లాట్‌లో ఈ సంగతి చెబితే నాతో ఉండే నెల్లూరు కుర్రాడు పడీ పడీ నవ్వాడు. "ఏందన్నా, మూడు తెస్తానని పోయి ఉన్న డెబ్బై ఏడు పోగొట్టుకొస్తివే! కొట్లో పుట్టినోడివంటివే!"

గురువారం పొద్దున్నే స్ట్రైకర్ దిగిన హోటల్‌కి పరుగెత్తాను. కాఫీ తాగుతున్నాడు. నిన్న తిట్టిన సరుకుని ఇవాళ పొగడటం కంటే తలవంపు మా బజార్లో లేదు. అయినా పొగిడాను. "ఊరంతా చూస్తుండగా పెనాల్టీ కొట్టాలంటే గుండె కావాలి సార్. వీపుతో గోల్ వేయడం ఎందరికి చేతనవుతుంది?"

"ఆ వీపుది మళ్లీ చెప్పు."

చెప్పాను.

"కాస్త నెమ్మదిగా."

ఆ వీపుదే కాక, కొట్టేసిన డెబ్బై ఏడింటినీ ఒక్కొక్కటిగా పొగిడించుకున్నాడు దుర్మార్గుడు. ఆ తర్వాత పర్సులోంచి మడతలు పడ్డ ఫోటో తీశాడు. వలలో బంతి, రెండు చేతులూ ఎత్తి వీడు, ఓ మూల జెండా ఎత్తిన లైన్స్‌మన్.

"ఆఫ్‌సైడ్ అన్నారు. ఎన్నేళ్లు అడిగినా దీన్ని ఎవరూ కలపలేదు. దీన్ని అన్నింటికంటే పైన పెట్టు. మిగతా రెండూ ఆ అరవైలోంచి నీ ఇష్టం. రెండు వందలు."

ధర ముందే పర్సులో పెట్టుకుని వచ్చాడన్నమాట. అరవైతో మొదలుపెట్టడం, అలిగి మూట కట్టడం, అన్నీ మా బజారు ఎత్తులే. కాలితో బతికినవాడికి బుర్ర ఉండదనుకున్న నా తెలివికి మొక్కాలి.

శుక్రవారం బ్యానర్ కింద గుండె మీద చెయ్యేసుకుని నిలబడ్డాడు వీరుడు. వెనక తెర మీద ఆ ఫోటో పడగానే జనంలోంచి పాత జెర్సీ వేసుకున్న ఒక పెద్దాయన లేచాడు. "ఈ గోల్ ఇవ్వలేదు లా! ఆఫ్‌సైడ్!"

బాస్ నా వైపు తిరిగాడు. నా కాగితం ఇంకా ఆయన బల్ల మీదే ఉంది.

"కాదంకుల్," అన్నాను గొంతు పెంచి. "జెండాదే తప్పు. ఫుట్‌బాల్ నా ప్రాణం, నాకు తెలీదా?"

పెద్దాయన గొణుక్కుంటూ కూర్చున్నాడు. నా కాగితం మీద సంతకం పడింది. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో నాకు అణువంతైనా తెలియదని ఆ హాలు మొత్తంలో కనిపెట్టినవాడు ఒక్కడే. స్టేజి మీంచి నన్నే చూస్తూ, రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొడుతున్నాడు.