చిన్నమ్మ దిద్దని మార్కు

నిన్న పొద్దున అన్న ఫోన్ చేసి "చిన్నమ్మ ఇంక లేదప్పా" అన్నాడు.

"ఏ చిన్నమ్మ?" అని అడిగాను. మాకున్నది ఒక్క చిన్నమ్మే. అంతలా మొద్దుబారిపోయింది బుర్ర.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

రాజేశ్వరి మా అమ్మ చెల్లెలు. చిన్నాయనతో కలిసి కాటన్‌పేటలో మా మేడమీదే కాపురం. పీయూ కాలేజీలో, అంటే ఇంటర్ పిల్లలకు, కెమిస్ట్రీ పార్ట్‌టైమ్ లెక్చరర్. 90లలో నాబోటి మొద్దులకు సాయంత్రం ఆమె వంటింట్లోనే ట్యూషన్.

ఒకరోజు లెడ్ నైట్రేట్, పొటాషియం అయొడైడ్ ఈక్వేషన్ ఇచ్చింది. రెండూ కలిస్తే పసుపు ప్రెసిపిటేట్ అడుక్కు దిగుతుంది. అంతవరకు రాశాను. నైట్రేట్లు మాత్రం ఎడమవైపు రెండు, కుడివైపు ఒకటి. ఎంతకీ బ్యాలెన్స్ కాదు. విసుగొచ్చి పొటాషియంకే రెండు నైట్రేట్లు తగిలించి K(NO₃)₂ అని రాసేశాను.

చిన్నమ్మ పకపకా నవ్వింది.

"ఏమప్పా, పనికి మనిషి చాలకపోతే ఇంకో మనిషిని పిలుస్తారా, ఉండేవానికే ఇంకో చెయ్యి అతికిస్తారా? ముందర రెండు వెయ్యి. కింద అంకె ముట్టొద్దు."

ఈ జన్మలో మర్చిపోను.

2000 దాటాక ప్రాక్టికల్ ఎగ్జామ్‌లో మేనేజ్‌మెంట్‌వాళ్ళ అబ్బాయి అచ్చం నా తప్పే చేశాడు. టెస్ట్‌ట్యూబ్‌లో పసుపు బాగానే దిగింది, ఈక్వేషన్ రాలేదు. చిన్నమ్మ దానికి సున్నా వేసింది. ప్రిన్సిపాల్ పిలిచి మార్కు దిద్దమన్నాడు.

"వానికి రాలేదు సార్. వచ్చిందని నేనెట్ల రాసేది?" అందట.

జూన్‌లో కాలేజీ తెరిచేసరికి ఆమెకు క్లాసుల్లేవు. అడిగితే, మీకూ కాలేజీకీ ఇంక సంబంధం లేదన్నారు.

ఇంకే కాలేజీ తీసుకోలేదు. "గొడవ మనిషి" అన్న పేరు ఆమెకంటే ముందే అక్కడికి చేరేది. చివరిదాకా మా మామ బట్టల షాపులో బిల్లులు రాసింది.

అప్పుడు మా బంధువులు ఏమన్నారో తెలుసా? "ఒక్క మార్కు వేసింటే ఏం పోయిండేది?"

ఇవాళ వాళ్ళందరి స్టేటస్‌లలో చిన్నమ్మ ఫోటో. ఆదర్శ గురువట. సిగ్గుండాలి. బతికుండగా ఒక్కరైనా "నువ్వు చేసిందే కరెక్ట్" అన్నారా?

కడుపు మండిపోతోంది నాకు.

నిన్న సాయంత్రం ఆ కాలేజీ నుంచి పెద్ద పూలదండ వచ్చింది, రిబ్బన్ మీద కాలేజీ పేరుతో సహా. చిన్నాయన దాన్ని గడప దాటనివ్వలేదు. తెచ్చిన అటెండర్‌తో మెల్లగానే అన్నాడు.

"ఆమెకీ కాలేజీకీ సంబంధం లేదని మీవాళ్ళే చెప్పినారు గదప్పా. ఎత్తుకొని పో."

పోయి రా చిన్నమ్మా. ఇక నిన్నెవరూ ఏదీ దిద్దమనరు. ప్రశాంతంగా ఉండు.